మనిషి, కార్టూన్ ఒకే ఇంట్లో పోట్లాడుకునే షార్ట్ ఫిల్మ్ తీయడం ఎలా?

నిజం మనుషులు, గీసిన బొమ్మలు ఒకే ఇంట్లో కాపురముంటూ రోజూ తగువులాడుకునే మూడు నిమిషాల షార్ట్ ఫిల్మ్‌ని ఇంట్లోనే తీసే పద్ధతి ఇది. కావలసినవి: ఒక ఫోన్, ఒక ట్రైపాడ్, ఓ మోస్తరు కంప్యూటర్, చిన్న డ్రాయింగ్ టాబ్లెట్. సాఫ్ట్‌వేర్‌కి పైసా ఖర్చు లేదు. బొమ్మలు గీయడానికి బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లోని గ్రీజ్ పెన్సిల్ పనిముట్టు, అన్నీ కలిపి కూర్చడానికి డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతాయి. మీకు చెయ్యి తిరిగిన చిత్రకారుడి స్థాయి అవసరం లేదు. ఒకే బొమ్మను పదిసార్లు గీస్తే పదిసార్లూ అదే బొమ్మలా కనబడితే చాలు.

చాలామంది సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెడతారు. నాలుగు రోజులు ట్యుటోరియల్స్ చూసి, ఓ కుందేలును సోఫా మీద కూర్చోబెట్టి, "బాగానే వచ్చింది గానీ ఏదో అతికించినట్టుంది" అని ఆపేస్తారు. అలా అనిపించడానికి రెండు కారణాలు. కుందేలు కింద సోఫా నొక్కుకోలేదు. ఆ కుందేలుకూ ఇంట్లోవాళ్లకూ మధ్య తేల్చుకోవాల్సిన సంగతి ఏదీ లేదు. మొదటిది షూటింగ్‌లో సరిచేయాలి, రెండోది కాగితం మీద. కాగితంతోనే మొదలుపెడదాం.

1. ముందు ఆ ఇంటి చట్టం రాయండి

ఒక తెల్ల కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మనిషి, కుడివైపు కార్టూన్. ఏదో ఒక సంఘటన తీసుకుని రెండువైపులా ఏమవుతుందో రాయండి. అటక మీంచి ఇనప్పెట్టె నెత్తిన పడింది. మనిషైతే ఆసుపత్రి. కార్టూన్ అయితే అప్పడంలా చదునై, లేచి, దులుపుకుని వెళ్లిపోతుంది. తలుపు గడియ పెట్టారు. మనిషి బయటే ఉండిపోతాడు. కార్టూన్ గోడలోంచి దూసుకొస్తుంది, గోడకు దాని ఆకారంలో చిల్లు మిగులుతుంది. ఆ చిల్లు పూడ్చడానికి సిమెంటు బస్తా ఎవరు కొంటారన్నదే మీ కథ.

ఈ తరహా సినిమాల్లో ఇప్పటికీ అందరూ తిరిగి చూసేది 1988లో వచ్చిన 'హూ ఫ్రేమ్డ్ రోజర్ ర్యాబిట్'. దర్శకుడు రాబర్ట్ జెమెకిస్, యానిమేషన్ దర్శకుడు రిచర్డ్ విలియమ్స్. కథ 1947 నాటి హాలీవుడ్‌లో జరుగుతుంది. అక్కడ కార్టూన్లు నటులుగా ఉద్యోగాలు చేసుకుంటూ ఊరి పక్కన తమ పేటలో బతుకుతుంటాయి. అందులో డిటెక్టివ్ ఎడ్డీకి కార్టూన్లంటే ఒళ్లు మంట. కారణం, ఓ కార్టూన్ అతని సోదరుడి నెత్తిన పియానో పడేసి చంపింది. పియానో నెత్తిన పడటం కార్టూన్లలో తాతల నాటి జోకు. పడేది కార్టూన్ మీద కాబట్టే అది జోకు. అదే పియానో గీత దాటి మనిషి మీద పడితే హత్య. ఈ తేడా పట్టుకుంటే చాలు, విలన్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

తర్వాత రాయాల్సింది కార్టూన్ బలహీనత. ఎంత కొట్టినా చావని జీవితో గొడవ కాసేపటికి విసుగు పుట్టిస్తుంది. ఆ సినిమాలో టర్పెంటైన్, అసిటోన్, బెంజీన్ కలిపిన ద్రావణంలో ముంచితే కార్టూన్ కరిగిపోతుంది. మూడూ రంగుల్ని కరిగించే సరుకులే కాబట్టి ప్రేక్షకుడు మారు మాట్లాడకుండా నమ్ముతాడు. అంతకు చాలా ముందు, 1918లో మొదలైన మాక్స్ ఫ్లైషర్ మూకీ చిత్రాల్లో కోకో అనే జోకరు సిరాబుడ్డిలోంచి పుట్టుకొచ్చి, తనను గీసినవాడినే ఏడిపించి, చివరికి మళ్లీ ఆ సిరాబుడ్డిలోకే చేరేవాడు. బలహీనత ఎప్పుడూ బొమ్మ దేనితో తయారైందో అందులోంచే రావాలి. మన బొమ్మ సుద్దముక్కతో గీసినదైతే దానికి యముడు తడిగుడ్డ.

ఇక్కణ్ణుంచి ఒకే ఉదాహరణతో వెళదాం. పాత పెంకుటింట్లో ఒంటరిగా ఉండే అన్నపూర్ణమ్మగారు ఇంటి ఓనరు. అటక మీద అద్దెకుండే సుద్దబొమ్మ పేరు సున్నుండ. ఆవిడ రోజూ పొద్దున్నే ఇల్లంతా తడిగుడ్డ పెడుతుంది. ఆవిడకది ఇల్లు శుభ్రం చేసుకోవడం, సున్నుండకది ప్రాణాపాయం. వాడు సరదాకి అటక మీంచి బిందెలు దొర్లిస్తాడు. వాడికది ఆట, ఆవిడ తలకు బొప్పి. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు, అయినా ఒకరి అలవాటు ఇంకొకరికి గండం.

చట్టంలో ఒక్క మినహాయింపు పెట్టుకోవచ్చు. రోజర్ ర్యాబిట్‌లో కుందేలు కార్టూన్ రోజర్, డిటెక్టివ్ ఎడ్డీ ఒకే సంకెళ్లలో ఇరుక్కుంటారు. ఎడ్డీ చెమటలు కక్కుతూ రంపంతో కోస్తుంటే రోజర్ చెయ్యి బయటికి తీసి సాయం పడతాడు. అంతసేపూ తీయగలిగేవాడివా అని ఎడ్డీ మండిపడితే, నవ్వొచ్చే సమయానికి మాత్రమే తీయగలనని జవాబు. బొమ్మకు శక్తులుంటాయి, కానీ అవి దానికి కావలసినప్పుడు కాదు, జోకు పేలేటప్పుడే పనిచేస్తాయి. ఈ ఒక్క నియమం మీ స్క్రిప్టులో సగం ప్రశ్నలకు సమాధానం చెబుతుంది.

2. గొడవకు ఇంటి కారణం వెతకండి

ప్రపంచాన్ని కాపాడే కథలు మూడు నిమిషాల్లో తేలవు. అద్దె, నీళ్ల మోటారు, కరెంటు బిల్లు, పొద్దున్నే సౌండు, గేటు తాళం... కాపురమున్న ప్రతివాడికీ తెలిసిన తగాదాలు ఇవి. పైగా అద్దె ఇళ్ల వేటలో మనకు "బ్యాచిలర్స్‌కి ఇవ్వం", "ఫ్యామిలీస్‌కి మాత్రమే" అనే బోర్డులు అలవాటే. ఆ బోర్డు కింద "కార్టూన్లకు ఇవ్వబడదు" అని ఇంకో లైను రాస్తే చాలు, మీ ప్రపంచంలో ఎవరిది పైచెయ్యో ఒక్క షాట్‌లో తెలిసిపోతుంది. రోజర్ ర్యాబిట్‌లోనూ ఇలాంటిదే ఒక క్లబ్బు ఉంది. వేదిక మీద ఆడిపాడేవీ, బల్లల దగ్గర వడ్డించేవీ కార్టూన్లు. కస్టమర్లుగా లోపలికి రానిచ్చేది మాత్రం మనుషుల్ని. అప్పటి అమెరికాలో నల్లజాతి కళాకారులు పాడే క్లబ్బుల్లోకి నల్లజాతి ప్రేక్షకుల్ని రానివ్వని కాలం గుర్తున్నవాళ్లకు ఆ సీను మామూలు జోకు కాదు. అదే సినిమాలో చివరికి తేలేది కూడా భూమి గొడవే. కార్టూన్ల పేటను తుడిచిపెట్టి హైవే వేయాలన్నది విలన్ ఆలోచన.

మన తెరమీద మంచి పాఠం 2012లో వచ్చిన రాజమౌళి 'ఈగ'. అందులో ఉన్నది గీసిన బొమ్మ కాదు, కంప్యూటర్ గ్రాఫిక్స్ ఈగ. అయినా గొడవ నడిపిన తీరు చూడండి. ఈగకు మనిషిని కొట్టే బలం లేదు. కాబట్టి ముందుగా నిద్ర పోనివ్వకుండా చేస్తుంది. తన ఒంటికున్న పరిమితిలోంచే ఆయుధం తయారుచేసుకుంటుంది. బిందెలు దొర్లించే అల్లరి పక్కన పెడితే, సున్నుండకు తెలిసిన విద్య సుద్దతో గీయడం ఒక్కటే. కాబట్టి వాడి అసలు ఆయుధాలు గీతలే కావాలి.

మాటలు తక్కువగా, ఆ చట్టంలోంచే పుట్టేలా రాయండి. ఉదాహరణకు:

"ఒరేయ్ సున్నుండా, ఐదో తారీఖుకల్లా అద్దె ఇస్తానన్నావా లేదా?"
"ఇచ్చాను కదండీ పిన్నిగారూ! గడప దగ్గర గీసి పెట్టాను. మీరే తుడిచేశారు."

రెండు వాక్యాల్లో బొమ్మ దేనితో తయారైందీ, దాని డబ్బు ఏపాటిదీ, తడిగుడ్డ ఏం చేస్తుందీ మూడూ వచ్చేశాయి. బొమ్మను వివరించే వాయిస్ ఓవర్ ఇక అక్కర్లేదు.

3. బొమ్మ డిజైన్

ఇది త్వరగా తేల్చేయండి. గుండ్రటి ఒళ్లు, రెండు చేతులు, రెండు కాళ్లు, పెద్ద కళ్లు. చారల చొక్కా, పూల లుంగీ, గొలుసులు వద్దు. ఒక చార అంటే కొన్ని వందల చారలు గీయాలని అర్థం. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి మూడు కోణాల్లో గీసి, పక్కన తలుపు గడియో మంచమో గీసి ఎత్తు ఖాయం చేయండి. సున్నుండ సరిగ్గా రెండడుగులు. ఈ కొలత షూటింగ్‌లో ప్రతి నిమిషం కావాలి.

పాత్ర మాత్రం మీ సొంతదై ఉండాలి. బుడుగునో ఛోటా భీమ్‌నో తెచ్చి పెట్టుకుంటే హక్కుల సమస్య వస్తుంది. రోజర్ ర్యాబిట్‌లో డిస్నీ, వార్నర్ బొమ్మలు ఒకే తెరమీద కనబడ్డాయంటే దాని వెనక పెద్ద ఒప్పందాలున్నాయి. మిక్కీకీ బగ్స్ బన్నీకీ సమానంగా తెర సమయం ఇచ్చేదాకా వెళ్లింది బేరం.

4. లెక్క వేయండి, తర్వాత కోత పెట్టండి

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు ఉంచితే సెకనుకు 12 బొమ్మలు గీస్తే సరి. మూడు నిమిషాల సినిమాలో బొమ్మ ఒక నిమిషం కనబడుతుంది అనుకుందాం. 60 సెకన్లకు 720 బొమ్మలు. రఫ్, శుభ్రమైన గీత, రంగు అన్నీ కలిపి బొమ్మకు పది నిమిషాలు పడితే మొత్తం 120 గంటలు. రోజుకు రెండు గంటలు కూర్చుంటే రెండు నెలలు. ఈ లెక్క చూసి భయపడాలి. భయపడితేనే స్క్రిప్టులో కోత మొదలవుతుంది.

కోత ఎక్కడంటే: సున్నుండ అటక మీంచి మాట్లాడితే గొంతు చాలు. చీకట్లో ఉంటే రెండు కళ్లు చాలు. సోఫా వెనక పరిగెడితే తల పైభాగం చాలు. అలిగి కదలకుండా కూర్చుంటే ఒకే బొమ్మ, రెప్పలు మాత్రం ఆడతాయి. బిందె దానంతటది దొర్లితే బొమ్మే అక్కర్లేదు, అయినా ప్రేక్షకుడు సున్నుండను చూసినట్టే నవ్వుతాడు. 'మాయాబజార్'లో గింబళి దానంతట అదే కదులుతుంటే మనకు ఘటోత్కచుడి మనుషుల చెయ్యి కనబడుతూనే ఉంటుంది కదా! ఇలా కుదించి బొమ్మ కనబడే సమయాన్ని 35 సెకన్లకు తెస్తే 420 బొమ్మలు, 70 గంటలు. ఇది చేయదగ్గ పని.

ఇప్పుడు షాట్లన్నీ చిన్న చిన్న పెట్టెల్లో గీసి, ఫోన్‌లో గొంతులు రికార్డు చేసి, రెండూ వరసగా పేర్చి ఒక యానిమాటిక్ చేయండి. కథ తెలియని ఇద్దరు ముగ్గురికి చూపించి "తప్పెవరిది?" అని అడగండి. అందరూ ఒక్కరి పేరే చెబితే మీ గొడవ ఏకపక్షంగా ఉన్నట్టు. మళ్లీ రెండో అడుగుకు వెళ్లండి. ఒక్క బొమ్మ కూడా గీయకముందే వెనక్కి వెళ్లడం చవక.

గొంతు ముందే రికార్డు చేయాలి, బొమ్మ తర్వాత. నోటి కదలికలు, చేతుల ఊపు మాటను బట్టి వస్తాయి.

5. షూటింగ్: బొమ్మ లేని బొమ్మను తీయడం

సినిమా ఇక్కడే గెలుస్తుంది, లేదా ఇక్కడే పోతుంది. తర్వాత కంప్యూటర్‌లో సరిచేద్దాం అన్న మాట నమ్మొద్దు.

ముందు ఫోన్ సెట్టింగులు. మామూలు కెమెరా యాప్ వెలుతురుని బట్టి ఫ్రేముల వేగాన్ని తనంతట తాను మార్చేస్తుంటుంది. అప్పుడు మీరు గీసిన బొమ్మ వీడియోతో జత కుదరదు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్‌లో 24 ఫ్రేములు, షట్టర్ 1/50 (సెకనులో యాభయ్యో వంతు) పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50 దగ్గర ట్యూబ్‌లైట్ మినుకుమినుకుమనదు. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి. ఫ్యాన్ ఆపేయండి. ఉక్కపోస్తుంది, తప్పదు. తిరిగే రెక్కల నీడ గోడమీద పడుతుంటే ఆ నీడను బొమ్మమీద కూడా ఫ్రేము ఫ్రేముకూ మీరే గీయాలి.

ట్రైపాడ్ కదపకండి. రోజర్ ర్యాబిట్‌కు ముందు ఇలాంటి సినిమాల్లో ఎక్కువగా కెమెరాను కదలనిచ్చేవారు కాదు. జెమెకిస్, విలియమ్స్ ఆ అలవాటుకు ఎదురెళ్లి మామూలు సినిమాలాగే కెమెరాను తిప్పారు. అందుకు ప్రతి ఫ్రేముకూ కొత్తగా గీయాల్సి వచ్చింది. వాళ్లకు వందలమంది ఆర్టిస్టులు. మీరు మొత్తం సినిమాలో ఒకే ఒక్క షాట్‌లో కెమెరా కదపండి, అది కూడా గొడవ ముదిరిన చోట.

ప్రతి షాట్‌కు ఇవన్నీ తీసుకోవాలి. మొదట బొమ్మ బదులు ఏదైనా వస్తువు పెట్టి రిహార్సల్. కర్రకు బంతి గుచ్చి, రెండడుగుల ఎత్తున పట్టుకుని, సున్నుండ నడిచే దారిలో నడిపించండి. దాన్ని కూడా రికార్డు చేయండి. తర్వాత కర్ర తీసేసి అసలు టేక్. ఆ తర్వాత నటి కూడా పక్కకు వెళ్లాక ఖాళీ గది పది సెకన్లు. దారాలు, కర్రలు చెరపడానికి ఈ ఖాళీ గదే ఆధారం. ఆఖరున ఒక తెల్లటి థర్మోకోల్ బంతిని బొమ్మ నిలబడాల్సిన చోట పట్టుకుని ఐదు సెకన్లు, మెరిసే స్టీలు చెంబు ఐదు సెకన్లు. బంతిమీద వెలుగు ఏ వైపు, నీడ ఎంత ముదురుగా ఉందీ తెలుస్తుంది. చెంబులో కిటికీ, దీపం ఎక్కడున్నాయో కనబడుతుంది. స్టేషనరీ షాపులో దొరికే ఈ బంతి మీకు తర్వాత గంటల తరబడి ఊహాగానాలు తప్పిస్తుంది.

ఇక అసలు రహస్యం తాకిడి. నా లెక్క ప్రకారం బొమ్మ ఉన్న ప్రతి షాట్‌లోనూ అది కనీసం ఒక నిజమైన వస్తువును కదపాలి. దిండు నొక్కుకోవాలి, కర్టెను ఊగాలి, గ్లాసులో నీళ్లు తొణకాలి. రోజర్ ర్యాబిట్ క్లబ్బు సీనులో పెంగ్విన్ వెయిటర్లు పట్టుకొచ్చే ట్రేలు నిజమైనవి. కర్రలతో, యంత్రాలతో వాటిని గాల్లో నడిపించి, కింద పెంగ్విన్‌లను తర్వాత గీశారు. బేబీ హెర్మన్ అనే చంటిపిల్లాడి కార్టూన్ చేతిలో చుట్ట కూడా అంతే, యంత్రపు చెయ్యి పట్టుకున్న నిజమైన చుట్ట.

మన దగ్గర యంత్రపు చేతులు లేవు. గాలానికి వాడే నైలాను దారం ఉంది, సాయం పట్టే తమ్ముళ్లు, మరదళ్లు ఉన్నారు. దిండు గలీబు అడుగున దారం కుట్టి, మంచం కింద ఒకరు పడుకుని లాగితే పైన గుంట పడుతుంది. సున్నుండ అక్కడ కూర్చున్నట్టే. బిందె అంచుకు దారం కట్టి అటక మీంచి లాగండి. ఇత్తడి బిందె వద్దు, ఖాళీ ప్లాస్టిక్ బిందె చాలు, మోత తర్వాత కలుపుకోవచ్చు. కింద ఎవరూ లేకుండా చూసుకుని పడేయండి, నటి తల పట్టుకునే షాట్ విడిగా తీయండి. బొమ్మ చీర కొంగు లాగే సీనులో ఎవరో ఒకరు కెమెరాకు కనబడకుండా కొంగును నిజంగా లాగాలి. లాగుతున్నట్టు నటించడం, నిజంగా లాగితే కాళ్లు తన్నిపెట్టి నిలబడటం, ఈ రెండిటికీ భుజాల్లో తేడా తెలిసిపోతుంది. బరువు కండరాల్లో కనబడుతుంది, దాన్ని గీయలేం.

నిజమైన వస్తువు బొమ్మ చేతిలోకి వెళ్లే చోట పాత చిట్కా ఒకటుంది. 1914లో విన్సర్ మెకే అనే కార్టూనిస్టు గెర్టీ అనే డైనోసార్ బొమ్మను తెరమీద ఆడిస్తూ తాను వేదిక మీద నిలబడేవాడు. మాట వినకపోతే కసిరేవాడు, అది ఏడ్చేది. ఆపిల్ విసిరినట్టు చేసి చేతిలోనే దాచేసేవాడు. అదే క్షణంలో తెరమీద గీసిన ఆపిల్ గెర్టీ నోట్లో పడేది. మీరూ అంతే. అన్నపూర్ణమ్మగారు చీపురు విసిరాక అది తలుపు వెనక మాయమవ్వాలి. అటువైపు నుంచి గీసిన చీపురు బయటికి రావాలి. రెండూ ఒకే ఫ్రేములో కలవకపోతే ఎవరూ అడగరు.

6. గాలితో పోట్లాడే నటికి ఏం చెప్పాలి?

ఎదురుగా ఎవరూ లేనప్పుడు కళ్లు తెలియకుండానే వెనకున్న గోడను చూస్తాయి. ప్రేక్షకుడికి కారణం తెలియదు గానీ ఆవిడ బొమ్మను చూడట్లేదని మాత్రం తెలుస్తుంది. అందుకే రిహార్సల్ బంతి. చూపు ఆగాల్సిన దూరం కళ్లకు అలవాటయ్యేదాకా బంతి ఉంచి, తర్వాత తీసేయాలి. ఎడ్డీగా చేసిన బాబ్ హాస్కిన్స్, తన చిన్న కూతురు లేని స్నేహితులతో ఆడుకోవడం గమనించి ఈ విద్య నేర్చుకున్నానని చెప్పేవాడు. రోజర్‌కు గొంతిచ్చిన చార్లెస్ ఫ్లైషర్ అయితే కుందేలు వేషం వేసుకుని కెమెరా పక్కన నిలబడి డైలాగులు అందించేవాడు. మీ సెట్‌లోనూ సున్నుండ గొంతు ఇచ్చేవాళ్లు గదిలో ఉండి, సరిగ్గా రెండడుగుల ఎత్తునుంచి మాట్లాడాలి. నేలమీద కూర్చుంటే సరిపోతుంది.

ఇంకోటి. నటిని అతిగా చేయనివ్వకండి. కార్టూన్‌తో నటిస్తున్నానని అందరూ తామే కార్టూన్‌లా కళ్లు తిప్పడం మొదలుపెడతారు. అల్లరంతా బొమ్మది. ఆవిడ మామూలు ఓనరులా విసుక్కుంటేనే నవ్వు వస్తుంది.

7. గీయడం

మొత్తం వీడియోను ఎడిట్ చేసి, ఏ షాట్ ఎన్ని ఫ్రేములో తేలాకే గీయడం మొదలుపెట్టండి. వాడని సెకనుకు గీసిన పన్నెండు బొమ్మల్ని చూస్తే కడుపు మండుతుంది.

బ్లెండర్‌లో వీడియోను కెమెరా వెనక బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టి దానిమీద గ్రీజ్ పెన్సిల్‌తో గీయండి. ముందు ముఖ్యమైన భంగిమలు: చెయ్యి ఎత్తడం, బిందెను తన్నడం, అటు చూడటం. నిజమైన వస్తువు ఏ ఫ్రేములో కదిలిందో వెతికి పట్టుకుని బొమ్మ తాకిడి అదే ఫ్రేములో పడేలా చూడండి. ఒక ఫ్రేము ముందుంటే ఫర్వాలేదు. ఒక ఫ్రేము ఆలస్యమైతే దిండు దానంతటదే నొక్కుకుని, బొమ్మ తర్వాత వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది.

మామూలు షాట్లలో రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ చాలు. కెమెరా కదిలే ఆ ఒక్క షాట్‌లో మాత్రం కుదరదు. గది ప్రతి ఫ్రేముకూ జరుగుతుంటే బొమ్మ రెండు ఫ్రేములకోసారి జరిగి నేలమీద జారినట్టు కనబడుతుంది. దానికి ఉపాయం: వీడియోలో ఒక గుర్తు ఎలా కదిలిందో వెంబడించే బ్లెండర్ ట్రాకింగ్‌తో నేలమీది ఒక గుర్తును పట్టుకుని, గ్రీజ్ పెన్సిల్ పొరను ఆ గుర్తుకు కట్టేయండి. బొమ్మ రూపం రెండు ఫ్రేములకోసారి మారినా, దాని స్థానం ప్రతి ఫ్రేముకూ గదితో పాటే కదులుతుంది. గుర్తుకోసం నేలమీద ఓ ముగ్గు చుక్క పెట్టుకోండి, ఇంట్లో ఎలాగూ ఉండేదే, ఎవరికీ అనుమానం రాదు.

8. నీడలు

బొమ్మకు రంగు వేశాక మూడు పొరలు విడిగా గీయాలి. మొదటిది ఒంటిమీది నీడ. థర్మోకోల్ బంతిని చూసి ఏ సగం చీకట్లో ఉందో అదే సగం గీయండి. రెండోది వెలుగు అంచు, కిటికీ వైపున సన్నగా. మూడోది నేలమీద పడే నీడ. ఈ మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. ఓపిక అయిపోతే మొదటి రెండూ వదిలేయండి గానీ ఇది వదలొద్దు. పాదం నేలకు ఆనే చోట సన్నగా, ముదురుగా ఉండాలి. దూరం పోయేకొద్దీ పలచబడి, అంచులు చెదరాలి. నల్లరంగు వాడకండి. అదే షాట్‌లో కుర్చీ నీడ ఏ రంగులో ఉందో కలర్ పికర్‌తో తీసుకుని, పొరను మల్టిప్లై మోడ్‌లో (కిందున్న రంగును ముదురు చేసే పద్ధతి) పెట్టండి. సున్నుండ ఎగిరితే నీడ పాదాల్ని వదిలి నేలమీదే ఉండాలి, కాస్త చిన్నదై, పలచబడాలి.

రోజర్ ర్యాబిట్‌లో బొమ్మల్ని కలపడానికి కంప్యూటర్ వాడలేదు. వెలుగుకు, నీడకు విడివిడి పొరలు చేసి ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అనే ఎఫెక్ట్స్ కంపెనీ వాళ్లు ఆప్టికల్ ప్రింటర్ (వేర్వేరు ఫిల్ముల్ని మళ్లీ ఫోటో తీసి ఒకే ఫిల్ముగా చేసే యంత్రం) మీద కలిపారు. ఒక సీనులో ఎడ్డీ తల వేలాడే దీపానికి తగిలి దీపం ఊగుతుంది. ఊగినంతసేపూ గదిలో నీడలు, వాటితో పాటు రోజర్ ఒంటిమీది నీడలు అటూ ఇటూ జరుగుతాయి. దీపం తగలకపోయినా కథకు నష్టం లేదు. అయినా చేశారు. డిస్నీలో ఆ తర్వాత 'దీపాన్ని తట్టడం' అంటే ఎవరూ అడగని చోట కూడా పూర్తి శ్రద్ధ పెట్టడం అని వాడుక ఏర్పడింది. మొదటి సినిమాకే మీరు దీపం తట్టకండి. పెంకు సందుల్లోంచి పడే ఎండ మరక ఒకటి చూసుకుని, సున్నుండ దానిలోంచి నడిచే ఎనిమిది ఫ్రేముల్లో ఒంటిమీద వెలుగు పాకించండి. ఆ మాత్రం చాలు.

నేల నున్నటి గ్రానైటో, ఇప్పుడే తడిగుడ్డ పెట్టిందో అయితే ప్రతిబింబం కూడా కావాలి. 1945 నాటి 'యాంకర్స్ అవే'లో జీన్ కెల్లీ పక్కన నాట్యం చేసే జెర్రీ ఎలుకకు మెరిసే నేలమీద ప్రతిబింబం సైతం గీశారు. బొమ్మనే తలకిందులు చేసి, మసకబరిచి, పదిహేను శాతం కనబడేలా పెడితే సరి. మన కథలో తడినేల అంటే వాడికి ప్రమాదం కాబట్టి ఈ ప్రతిబింబం బొమ్మ భయాన్ని కూడా చూపిస్తుంది.

9. కలపడం

రిజాల్వ్‌లోని ఫ్యూజన్ పేజీలో ఖాళీ గది, నటి ఉన్న వీడియో, బొమ్మ, నీడలు అన్నీ వరసగా పేర్చండి. సున్నుండ బీరువా వెనక నుంచి రావాలంటే బీరువా అంచు వెంట మాస్క్ (బొమ్మలో కనబడకూడని భాగాన్ని దాచే హద్దు) గీయాలి. బీరువా, తలుపు, గుమ్మం లాంటి నిటారు అంచులు ఎంచుకుంటే ఒక్కసారి గీసి వదిలేయొచ్చు. నటి వేళ్లు బొమ్మకు ముందు వచ్చే షాట్ అయితే ప్రతి ఫ్రేముకూ వేళ్ల చుట్టూ మాస్క్ గీయాలి. అలాంటి షాట్ సెకను దాటనివ్వకండి.

బొమ్మ నలుపు అచ్చమైన నలుపు, గదిలోని చీకటి మాత్రం కాస్త బూడిదరంగు. ఈ తేడాయే అతికించినట్టు కనబడటానికి పెద్ద కారణం. గదిలో అన్నిటికన్నా నల్లగా ఉన్న చోటు చూసి బొమ్మ నలుపును అక్కడిదాకా పైకి లేపండి. తెలుపును కూడా అలాగే కొంచెం దించండి. అంచులకు అర పిక్సెల్ నుంచి ఒక పిక్సెల్ బ్లర్. ఆఖరున మొత్తం మీద ఒకే గ్రెయిన్ (ఫిల్ముమీద కనబడే సన్నటి ఇసుక లాంటి చుక్కలు). బొమ్మకు విడిగా గ్రెయిన్ వేస్తే మళ్లీ విడిపోతుంది.

10. శబ్దం

శబ్దానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. బొమ్మ నిజమైన వస్తువును తాకితే నిజమైన శబ్దం, బొమ్మ తనంతట తాను ఏదైనా చేస్తే కార్టూన్ శబ్దం. సున్నుండ బిందెను తన్నితే బిందె మోతే రావాలి. ప్లాస్టిక్ బిందెతో తీశారు కాబట్టి ఇత్తడి బిందెను విడిగా నేలమీద దొర్లించి రికార్డు చేయండి. వాడు గోడకు తగిలి చదునైతే సాగిన రబ్బరు చప్పుడో, ఈలో ఏదైనా పెట్టుకోండి. అడుగుల చప్పుడు మాత్రం వాడు నిలబడ్డ నేలది. సిమెంటు నేలమీద సుద్దముక్క గీకి, తట్టి రికార్డు చేస్తే వాడి నడక వచ్చేస్తుంది. వాడి మాటలకు కూడా ఆ గది ప్రతిధ్వని కలపాలి. దుప్పటి కప్పుకుని రికార్డు చేసిన గొంతు పెంకుటింట్లో విడిగా వినబడుతుంది. అటక మీంచి మాట్లాడే డైలాగుల్ని నిజంగా అటక ఎక్కించే రికార్డు చేయండి, ఇంకే ఎఫెక్టూ వేయక్కర్లేదు.

షూటింగ్ రోజు గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చేసి పెట్టుకోండి. శబ్దాలన్నీ కూర్చాక మధ్యలో మిగిలే ఖాళీల్లో అది పరవాలి. ఎగుమతి చేసేటప్పుడు 24 ఫ్రేములు, 1080పి, హెచ్.264. ఫ్రేముల సంఖ్య 25కో 30కో మారిపోయిందేమో ఒకసారి చూసుకోండి. మారితే తాకిడి ఫ్రేములు అన్నీ జరిగి, బిందె పడ్డాక సున్నుండ తన్నుతాడు.